మెట్టినింటి పేరు నిలిపిన మహాసాధ్వి హేమారెడ్డి మల్లమ్మ

వంశమనగా తండ్రినుండి కుమారునకు, కుమారునినుండి మనుమనికి సాగివచ్చు పరంపర యని లోకము తలచుచుండును. ఇంటిపేరు, పొలము, పశుసంపద, ఇలవేలుపు ఇవన్నియు పురుషుల చేతులమీదుగా నడచునట్లే పైకి కనిపించును. కాని ఏ ఇంటిలోనైనను గాదెలోని గింజను కాచునది, దేవుని గూటిలో దీపము వెలిగించునది, ఆ ఇంటి పెద్దల కథలను బిడ్డలకు చెప్పి నిద్రపుచ్చునది కోడలిగా వచ్చిన స్త్రీయే. మరియొక ఇంట పుట్టి, ఈ ఇంటిని తనదిగా చేసికొని, ఆమె మోసినంత కాలమే ఆ వంశము నిలుచును. ఈ సత్యమునకు మన వీరశైవ లోకమున నిదర్శనముగా నిలిచిన శివశరణి మహాసాధ్వి హేమారెడ్డి మల్లమ్మ.

ఆమె రాజ్యమేలలేదు. గ్రంథము వ్రాయలేదు. మఠమును స్థాపింపలేదు. పల్లెలో పుట్టి, పల్లెలో మెట్టి, పిడకలు చేసి, పశువులను కాచి, వాకిట నిలిచిన జంగమునకు పిడికెడు బియ్యము పెట్టిన గృహిణి. అయినను ఆమె పేరు వినని వీరశైవ గృహము తుంగభద్రకు ఈ గట్టునగాని, ఆ గట్టునగాని అరుదు.

మన ప్రాంతమునకు ఈ చరిత్ర మరింత చేరువైనది. తుంగభద్ర దక్షిణతీరమున నున్న సి.బెళగల్ మండలము, ఎమ్మిగనూరు, ఆదోని సీమలు రెండు భాషల కూడలి. ఇంట కన్నడము, వీధిలో తెలుగు మాటలాడు కుటుంబములు ఇచ్చట నేటికిని కలవు. ప్రతి సంవత్సరము ఉగాదికి ముందు బళ్ళారి, రాయచూరు, బాగలకోటె మొదలగు సీమలనుండి శివభక్తులు కాలినడకన శ్రీశైలమునకు బయలుదేరుదురు. కొందరు కావళ్ళు మోయుదురు. కొందరు కొయ్యకాళ్ళపై నడతురు. మన పల్లెలవారు దారిపొడవునను వారికి అంబలి, మజ్జిగ, అన్నము సమకూర్తురు. ఆత్మకూరు దాటి, వెంకటాపురము మీదుగా నల్లమల ప్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను గడచి, కైలాసద్వారము చేరి వారు మల్లయ్యను దర్శింతురు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా, మల్లికార్జునుని అల్లునిగా భావించి పసుపు, కుంకుమ, చీర సమర్పింతురు. దైవమునే కుటుంబములోని వ్యక్తిగా చూచు ఈ భక్తిమార్గములో పెరిగినదే మల్లమ్మ కథ. ఆ కథ లిఖితముగా కంటె నోటినుండి నోటికి సాగివచ్చినది; అందుచే ఊరూరికి కొంత భేదముండును. అన్ని కథనములకు సామాన్యమైన భాగమునే ఇచ్చట విన్నవించుచున్నాను.

మల్లమ్మ కాలమును సంప్రదాయము రెడ్డిరాజుల కాలముతో ముడిపెట్టుచున్నది. కొండవీటి రెడ్డిరాజులకు శ్రీశైల మల్లికార్జునునిపై గల భక్తి చరిత్రప్రసిద్ధము. ఆ రాజ్యస్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు, అహోబిలమునకు సోపానములు కట్టించెను. అనవేమారెడ్డి 1378 ప్రాంతమున శ్రీశైలమున వీరశిరోమండపమును నిర్మించెను. విజయనగర ప్రభువైన రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ 1393లో పాతాళగంగకు మెట్లు కట్టించినది. రాజులకు, రాణులకు ఈ విధముగా శిలలు సాక్ష్యము పలుకుచున్నవి. మల్లమ్మకు అట్టి శాసనము లేదు. ఆమెకు సాక్ష్యము ప్రజల నాలుక.

శ్రీశైల పరిసరములలోని రామాపురమను పల్లె ఆమె జన్మస్థలము. తండ్రి నాగిరెడ్డి, తల్లి గౌరమ్మ. వారు చిరకాలము సంతానము లేక మల్లికార్జునుని సేవించి, ఆయన అనుగ్రహమున కన్న బిడ్డ గనుక మల్లమ్మ యని పేరిడిరి. ఆ దంపతుల ఇల్లు శ్రీశైలయాత్రికులకు, జంగమూర్తులకు నిలయము. పసితనముననే ఆ బాలిక వచ్చినవారి పాదములకు నీళ్ళిచ్చుట, విస్తరి వేయుట, పూజకు పత్రి కోసి తెచ్చుట నేర్చినది. పుట్టినిల్లు ఆమెకు అరణముగా ఇచ్చిన నిజమైన సొత్తు ఈ నేర్పే. నగలు, పశువులు తరువాత చేయి మారినవి. ఈ సొత్తును మాత్రము ఎవ్వరును అపహరింపలేకపోయిరి.

యుక్తవయస్సు రాగానే ఆమెను సిద్ధాపురవాసియైన హేమారెడ్డి కుమారుడు భరమారెడ్డికిచ్చి వివాహము చేసిరి. హేమారెడ్డి సంపన్న గృహస్థు. ఇంటినిండ ధాన్యము, దొడ్డినిండ పశువులు, కొడుకులు, కోడండ్రు. కాని భరమారెడ్డి అమాయకుడు. లోకజ్ఞానము లేనివాడని ఇంటివారే అతనిని పరిహసించుచుండిరి. అట్టివానికి తనను కట్టబెట్టిరని మల్లమ్మ తల్లిదండ్రులను నిందింపలేదు. భర్తను చులకన చేయలేదు. అతని మనస్సులో కపటము లేదని గ్రహించి, ఆ నిష్కాపట్యమునే గౌరవించినది. లోకము వెఱ్ఱియన్నదానిని ఆమె శుద్ధియని చూచినది.

మొదట కొంతకాలము అత్తవారింట ఆమెకు ఆదరము లభించినది. ఆమె అడుగిడిన పిదప ఇల్లు మరింత వృద్ధిచెందినదని ఊరివారు చెప్పుకొనిరి. ఆ మాటయే తోడికోడండ్రకు కంటగింపైనది. వారు అత్త పద్మమ్మ చెవిలో లేనిపోని మాటలు నూరిపోసిరి. జంగములకు పెట్టుచు ఇల్లు గుల్ల చేయుచున్నదని, భక్తి పేరిట పని ఎగ్గొట్టుచున్నదని, మగనిని చేతిలో పెట్టుకొన్నదని నేరములు మోపిరి. క్రమముగా మల్లమ్మకు కడుపునిండ అన్నము కరవైనది. తెల్లవారకముందే విసురుట, దంచుట, కసవూడ్చుట, నీళ్ళు మోయుట అన్నియు ఆమె వంతే. అందరు తిన్న పిదప మిగిలిన నూకల సంకటి ఆమె భోజనము. ఆ సంకటిలోనే సగము వాకిట నిలిచిన భిక్షుకునికి పెట్టినదని కథ చెప్పుచున్నది.

ఇచ్చట మనము క్షణకాలము నిలిచి ఆలోచింపవలసిన విషయము కలదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు బోధించిన రెండు మూలసూత్రములు కాయకము, దాసోహము. ఒడలు వంచి చేసిన పనియే పూజ. ఆ పనివలన వచ్చినదానిని తాను కొంత తిని, తోటివారికి కొంత పంచుటయే ప్రసాదము. గాదెలు నిండినవాడు వేయిమందికి పెట్టుట దానము కావచ్చును. తనకు దక్కిన పిడికెడులో సగము పెట్టుట దాసోహము. మల్లమ్మ ఏ అనుభవమంటపమునను కూర్చుండి ఈ సూత్రములను వినలేదు. పొయ్యిముందర ఆచరించి చూపినది.

కడకు అత్తవారు ఆమెను ఇంటిలో ఉండనీయక అడవికి పశువులను తోలుకొని పొమ్మనిరి. వారు దానిని శిక్షయని తలచిరి. ఆమెకది వరమైనది. ఇంటిలో పూజకు క్షణము తీరిక లేదు. అడవిలో ఆవులు మేయుచుండగా చెట్టునీడయే గుడి, రాతిగుండే పీఠము. శ్రీశైలమల్లయ్యను తలచుచు ఆమె కన్నులు మూసికొనగా, పశువులు చెదరక ఆమె చుట్టును నిలుచుచుండెడివట. మల్లికార్జునుడే జంగమరూపమున వచ్చి ఆమెవద్ద భిక్ష గొనెనని, పిమ్మట నిజరూపమున దర్శనమిచ్చెనని భక్తుల విశ్వాసము. ఆ దర్శనవేళ ఆమె కార్చిన ఆనందబాష్పములే ధారయై పారినవని చెప్పుదురు. శ్రీశైలక్షేత్రమున నేటికిని మల్లమ్మ కన్నీరు అను పేరుగల పుణ్యస్థలము కలదు. అచ్చట ఆమెకు ఆలయమును కలదు. రాణి కట్టించిన మెట్లకు శాసనము సాక్షి. పశువులు కాచిన కోడలికి నీటిచెలమ సాక్షి.

ఇంతటితో ఆమె కష్టములు తీరలేదు. అడవిలో ఒంటరిగా నుండుటనే ఆధారము చేసికొని తోడికోడండ్రు ఆమె శీలముపై నింద వేసిరి. ఎవరో పరపురుషుడు ఆమెను కలియుచున్నాడని భరమారెడ్డికి నూరిపోసి, ఆమెను చంపి రమ్మని ఆయుధమిచ్చి పంపిరి. కపటమెరుగనివానికి కోపము వచ్చినచో అది కట్టలు తెంచుకొనును. అతడు అడవికి పోయి పొదచాటున పొంచియుండెను. అచ్చట అతడు చూచినది పరపురుషుని కాదు. ధ్యానమున మునిగియున్న భార్యను, ఆమెను ఆవరించియున్న దివ్యతేజమును. చేతిలోని ఆయుధము జారిపోయెను. అతడు తన తప్పు నొప్పుకొని, ఆనాటినుండి ఆమె భక్తిమార్గమున నడచెను. ఊరివారందరు వెఱ్ఱివాడన్న మనుజుడే ఆ ఇంటిలో మొట్టమొదట ఆమె మహిమను గుర్తించినవాడగుట గమనింపదగినది. తెలివిగలవారు మాటలను నమ్మిరి. అతడు కంటితో చూచినదానిని నమ్మెను.

ఆ ఇంటిలో మరియొక సమస్య మరిది వేమన. కన్నడ సంప్రదాయమున ప్రజాకవి, మహాయోగి వేమన ఈ హేమారెడ్డి కుమారుడే. యౌవనమదమున అతడు వేశ్యాలోలుడై ఇంటి సొమ్మును కరగించుచుండెను. తల్లిదండ్రులు గద్దించిరి, అన్నలు దూషించిరి, ఫలము లేకపోయెను. కడకు ఆ వెలయాలు అతని వదినెగారి ముక్కెరనే కోరినది. వేమన సిగ్గువిడిచి వదినెను అడిగెను. ముక్కెర సౌభాగ్యచిహ్నము, ఇచ్చుటకు ఏ ఇల్లాలికిని మనస్సొప్పదు. మల్లమ్మ కాదనలేదు, కసరలేదు. ఒక నియమము మాత్రము పెట్టినది. ఆ స్త్రీని అలంకారములేవియు లేకుండ, నిండు వెలుతురులో, ఒక్కమారు నిదానించి చూచిన పిమ్మటనే ఈ నగ ఆమె చేతికి ఈయవలెనన్నది. వేమన అట్లే చేసెను. దేహమోహము ఆ క్షణముననే విరిగిపోయెను. తిరిగివచ్చి వదినె పాదములపై బడెను. ఆనాటి విరక్తియే పిదప యోగమై, కవిత్వమై, లోకమునకు వెలుగైనది.

తెలుగునాట వినవచ్చు వేమన కథలో జన్మస్థలమును గూర్చి, వదినెగారి పేరును గూర్చి భేదములు కలవు. కొండవీడని కొందరు, కడప, అనంతపురం సీమలని కొందరు చెప్పుదురు. వేమన సమాధి కదిరి ప్రాంతమున కటారుపల్లెలో నున్నది. బ్రౌను దొర 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించిన నాటినుండి పండితులు ఆయన కాలమును గూర్చి చర్చించుచునే యున్నారు. 1947లో కె.వి.రెడ్డిగారు చిత్తూరు నాగయ్యగారితో తీసిన యోగివేమన చలనచిత్రము ఈ గాథను తెలుగువారి కన్నులకు గట్టినది. కథలెన్ని తీరుల నున్నను ఒక అంశమున అన్నియు ఏకమగుచున్నవి. చెడుదారి పట్టిన వేమనను మరల్చినది తండ్రి కోపము గాదు, అన్నల అధికారము గాదు; వదినె వివేకము. బయటి ఇంటినుండి వచ్చిన స్త్రీ ఆ ఇంటి బిడ్డను ఆ ఇంటికి తిరిగి ఇచ్చినది. ఆ బిడ్డవలన ఆ వంశమునకు కలిగిన కీర్తి, హేమారెడ్డి గాదెలలోని ధాన్యమంతయు కలిపినను కలుగునది కాదు.

ఇక ఈ చరిత్రకు కిరీటమువంటి ఘట్టము వరప్రదానము. మల్లికార్జునుడు ప్రత్యక్షమై వరము కోరుకొమ్మనెను. మనవంటివారమైనచో ఏమి కోరుదుము? బాధించినవారికి బుద్ధి చెప్పుమందుము. తనకు ముక్తి నిమ్మనుట ఇంకను ఉత్తమము. మల్లమ్మ ఈ రెంటినిగాక, తన మెట్టినింటి రెడ్డికులము దారిద్ర్యమెరుగక, పాడిపంటలతో వర్ధిల్లవలెనని కోరినది. తనకు నూకలు పెట్టిన ఇంటికి ఆమె నిండుగాదెలను అడిగినది. తనపై కత్తి నంపినవారి బిడ్డలకు ఆమె అన్నవస్త్రములను వేడినది. ఆ వరప్రసాదముననే తమ వంశములు చల్లగా నున్నవని కర్ణాటకమునందలి రెడ్డికుటుంబములు నేటికిని ఆమెను కులదేవతగా కొలుచుచున్నవి. పిదప ఆమె శ్రీశైలమల్లయ్యలో ఐక్యము నొందినదని చెప్పుదురు.

ఆమె పేరులోనే గొప్ప విశేషము కలదు. లోకము ఆమెను నాగిరెడ్డి మల్లమ్మ యనలేదు, భరమారెడ్డి మల్లమ్మ యనలేదు. మామగారి పేరుతో హేమారెడ్డి మల్లమ్మ యన్నది. ఆ మామగారు ఎంత భూమిని దున్నెనో, ఎన్ని గాదెలు కట్టెనో నేడెవరికిని పట్టదు. ఆయన పేరు నేడు లోకమున వినబడుచున్నదన్నచో అది ఆ కోడలి పేరునకు ముందు నిలిచినందుననే. ఆ ఇల్లు ఆమెను పోషింపలేదు. ఆమెయే ఆ ఇంటిని శతాబ్దముల పర్యంతము పోషించినది.

ఆమె స్మృతి గుళ్ళలో మాత్రమే లేదు. కన్నడ గ్రామసీమలలో ఆమె కథను నాటకముగా ఆడుదురు. 1940 దశకమున అది కన్నడ చలనచిత్రమైనది. కర్ణాటక ప్రభుత్వము మే 10వ తేదీన ఆమె జయంతిని అధికారికముగా జరుపుచున్నది. ఏ ప్రభుత్వమును, ఏ సంస్థయు లేని కాలమున తిరుగలి ముందర, ఊయల ప్రక్కన ఆమె కథను నిలిపినవారు మాత్రము మన అవ్వలు, అమ్మలు.

శరణబంధువులారా! ఈ చరిత్రను చదువునపుడు ఒక అపార్థమునకు చోటీయరాదు. మల్లమ్మ ఓర్చుకొన్నది గనుక కోడండ్రందరు ఓర్చుకొనవలెనని చెప్పుటకు ఈ కథ పుట్టలేదు. అట్లు చెప్పువారు తమకు తెలియకయే పద్మమ్మ పక్షమున నిలిచినవారగుదురు. కథ ఎవరిని కీర్తించినది, ఎవరిని తలదించుకొనునట్లు చేసినదో చూడుడు. బాధపెట్టినవారిలో ఒక్కరికిని గుడి లేదు. ఈ గాథ కోడండ్రకు చెప్పిన ఓరిమి పాఠము కంటె, అత్తవారిండ్లకు చేసిన హెచ్చరిక పెద్దది. పిడికెడు మెతుకులకు లెక్క కట్టిన ఇంటికి దైవము స్వయముగా వచ్చి ఆ కోడలి పక్షమున నిలిచెనని అది చెప్పుచున్నది. 1961లో వరకట్న నిషేధ శాసనము వచ్చినను కట్నపు బాధలు నేటికిని తీరలేదు. అట్టి బాధలు మల్లమ్మ పటమునకు పూజచేయు ఇంటిలో జరిగినచో, ఆ పూజ ఆమెకు చేరునా యని ప్రతి గృహస్థుడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

వారసత్వము మాటకూడ అంతియే. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు పిత్రార్జితమున సోదరులతో సమాన భాగము లభించినది. 2005లో కేంద్రశాసనము దేశమంతటను కుమార్తెలకు ఈ హక్కు నిచ్చినది. పొలములో పాలు శాసనము ఇప్పించును. ఇంటి ఆచారములో, పూజలో, నిర్ణయములో పాలు మాత్రము మన మనస్సే ఇప్పించవలెను. స్త్రీకిని ఇష్టలింగధారణకు అర్హత కలదని చాటిన బసవేశ్వరుని మార్గమున నడచువారికి ఇది కొత్తమాట కాదు, మరచిన మాట.

మరియొక సంగతి. మల్లమ్మ కోరిన వరమును తలచి మేము వరప్రసాదులమని గర్వించుట సులభము. కాని ఆ వరము ఊరక వచ్చినది కాదు. ఆకలితో నున్న ఒక స్త్రీ తన భాగమును వదలుకొని మనకు తెచ్చిపెట్టినది. కనుక అది సంపద కాదు, ఋణము. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టిననాడు, ఇంటికి వచ్చిన కోడలిని బిడ్డగా చూచిననాడు, దారితప్పిన కుమారుని తిట్టక తెలివిడితో మరల్చుకొన్ననాడు ఆ ఋణములో కొంత తీరును.

ఈ సంవత్సరమును ఉగాదికి ముందు యాత్రికులు మన పల్లెలమీదుగా మల్లయ్యను స్మరించుచు నడచిపోదురు. వారికి మజ్జిగ పోయునది ఏ ఇంటిలోనైనను ఆ ఇంటి ఇల్లాలే. ఆమె చేతి చెంబులో హేమారెడ్డి మల్లమ్మ దాసోహము నేటికిని సజీవముగా నున్నది. ఆ చేతిని గౌరవించు ఇల్లే వంశమును నిలుపుకొనును. శరణు శరణార్థి.